గలోర్ అంటే ‘చాలు’: ఇంగ్లీషులో ‘బోలెడు’ మాటల వెనక చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే. ఇప్పుడు వీల్లేకపోతే సేవ్ చేసుకుని రాత్రికి చదవండి. పోటీ పరీక్షలకు ప్రిపేర్ అయ్యేవాళ్లకు పనికొచ్చే మాటలు ఇందులో ఉన్నాయి. మన భాషల గురించి మాట్లాడుకోవాల్సిన సంగతి కూడా ఒకటి ఉంది.

ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో సినానిమ్స్ అని ఒక పట్టీ ఉంటుంది కదా. ‘ఎక్కువ’, ‘బోలెడు’ అనే అర్థానికి అందులో ఎన్ని మాటలో! హీప్, పైల్, లోడ్, లాట్, మాస్, టన్, స్కోర్, స్లూ, గలోర్. పెద్ద ముక్క అనడానికి లంప్, చంక్, హంక్, స్లాబ్. మా హాస్టల్లో వీటిని పొద్దున్నే వరసగా బట్టీ పడుతుంటాం. మా రూముల్లో ఉన్న ఎవరి ఇంట్లోనూ మాకు ముందు కాలేజీకి వెళ్లినవాళ్లు లేరు. ఈ మాట ఎక్కడిది, ఎలా వచ్చింది అని అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకని ఇంగ్లీషు మాట అంటే ఎక్కడో పెద్ద బంగ్లాలో పుట్టి ఉంటుందని చాలాకాలం అనుకున్నాం. మాటల పుట్టుక చెప్పే డిక్షనరీలు చూడటం మొదలుపెట్టాక తెలిసింది ఏంటంటే, వీటిలో చాలా మాటలు పొలంలో, బండి మీద, పిండి ముద్దలో పుట్టాయి. ఒకటి రెండయితే తమ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవాళ్ల నోట్లోంచి వచ్చాయి.

ముందు మనకు తెలిసిన తెలుగుతో మొదలుపెడదాం. దోసెడు గింజలు, చాటెడు బియ్యం, గంపెడు పిల్లలు, బండెడు కట్టెలు. చెయ్యి, చాట, గంప, బండి. కొలిచే వస్తువే కొలతకు పేరయింది. ‘బోలెడు’ కూడా అంతే, బోలె అంటే పాత్ర, దాని నిండా అని. ‘పుట్టెడు దుఃఖం’ అంటాం. పుట్టి అంటే 20 తూముల ధాన్యం కొలత. ధాన్యం కొలిచే మాటతోనే జనం దుఃఖాన్నీ కొలిచారన్నమాట.

ఇంగ్లీషువాళ్లు చేసింది కూడా ఇదే. ‘టన్’ అంటే మొదట బరువు కాదు, ద్రాక్షసారా పోసే పెద్ద పీపా. ఓడలో ఎన్ని పీపాలు పడతాయో దాన్నిబట్టి ఓడ సైజు చెప్పేవారు. తర్వాత అది బరువుకు పేరయింది, ఆ తర్వాత ‘టన్నులకొద్దీ’ అనే మాటయింది. ‘లోడ్’ అనే మాటకు పాత ఇంగ్లీషులో దారి, ప్రయాణం, మోసుకుపోవడం అని అర్థాలు. దారిలో మోసేదే లోడ్ అయింది. నెత్తిన కట్టెల మోపు పెట్టుకుని కొండ దిగే మన అమ్మలకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. ‘మాస్’ అయితే గ్రీకుల బార్లీ రొట్టె. అది లాటిన్‌లోకి వెళ్లి పిండి ముద్ద అయింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి పెద్ద రాశి అయింది. మన ఫిజిక్స్ పుస్తకంలో ద్రవ్యరాశి అని చదివే మాస్ కూడా ఆ ముద్దే.

‘లాట్’ కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. మొదట్లో అది వంతులు తేల్చడానికి వేసే చీటీ లాంటిది, ఒక చిన్న చెక్క ముక్క. చీటీలో ఎవరికి ఏ భూమి ముక్క పడితే ఆ ముక్కకు కూడా లాట్ అనే పేరు వచ్చింది. వేలం పాటలో ఒక్కో కుప్పకు లాట్ అన్నారు. అక్కణ్ణుంచి 19వ శతాబ్దం నాటికి ‘ఎ లాట్ ఆఫ్’ అంటే చాలా ఎక్కువ అని అర్థం స్థిరపడింది. అలాట్‌మెంట్, లాటరీ కూడా ఈ కుటుంబంవే. పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మన పెద్దవాళ్ల నోట్లో నలిగే ‘అలాట్‌మెంట్’ అనే మాట వెనక, ఒకప్పుడు ఊరంతా కూర్చుని భూమి వంతులు వేసుకున్న చెక్క ముక్క ఉంది.

ఇక ‘హీప్’. కుప్ప అని మనకు తెలుసు. పాత ఇంగ్లీషులో జనం గుంపుకు కూడా ఈ మాటే. దీని వెనక ఒక తగువు కూడా ఉంది. ఇంగ్లండులో ధాన్యం రెండు రకాలుగా కొలిచేవారు. ఒకటి, కొలపాత్ర మీద గోపురంలా కుప్పగా పోసి కొలవడం. రెండోది, పాత్ర అంచు మీదుగా కర్రతో గీసి సమంగా కొలవడం. పాత్ర అదే, పేరూ అదే, కానీ లోపల పడే గింజలు వేరు. కుప్ప ఎంత ఎత్తుండాలో చెప్పేది ఎవరు? బలం ఉన్నవాడే. కొలతలు దేశమంతా ఒకేలా ఉండాలని 1215లోనే మాగ్నా కార్టాలో రాసుకున్నారు. అయినా కుప్ప కొలత చట్టప్రకారం రద్దయ్యింది 1835లో. మధ్యలో 600 ఏళ్లు గడిచాయి.

ఈ తగువు మన సంతలకు కొత్త కాదు. కొనేటప్పుడు ఒక కుంచం, అమ్మేటప్పుడు ఒక కుంచం అని మన పెద్దవాళ్లు షావుకార్ల గురించి చెప్పుకోవడం మనలో ఎంతమంది వినలేదు? చింతపండు, కరక్కాయ, కొండచీపుళ్లు దించుకొచ్చినప్పుడు కొలత కుప్పగా పోయించుకుంటారు, ఉప్పు ఇచ్చేటప్పుడు గీసి కొలుస్తారు. కొలతలో పోయింది బాకీలో చేరుతుంది, బాకీ కాగితం మీదకి ఎక్కుతుంది. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు వచ్చినప్పుడు కల్లు మీద పన్ను, ముఠాదార్ల తగువులతో పాటు ఇది కూడా ఒక కారణం. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కొండ జనంతో అన్యాయపు ఒప్పందాలు చేసుకుని, కోర్టుల్లో దావాలు వేసి, వీళ్లు లేకుండానే డిక్రీలు తెచ్చుకుని సొత్తు పట్టుకుపోయారని ఆనాటి ప్రభుత్వ రికార్డులే ఒప్పుకున్నాయి. గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, 1956లో పెట్టడానికి కారణం కూడా ఈ షావుకార్ల పట్టే. అదే 1956లో కొలతల చట్టం వచ్చింది, 1958 నుంచి కిలోలు, లీటర్లు అమల్లోకి రావడం మొదలైంది.

మన వైపు కొలతలు కూడా ఇంగ్లీషులోకి వెళ్లాయని మీకు తెలుసా? మద్రాసులో కంపెనీవాళ్లు ధాన్యం లెక్కలు ‘గార్స్’లలో రాసుకునేవారు. అది మన తెలుగు గరిసె. 20 మణుగుల బరువును ‘క్యాండీ’ అనేవారు, అది మన ఖండి. తినే క్యాండీ వేరు, ఇది వేరు. కిలోలు వచ్చాక ఆ రెండు మాటలూ పాత కాగితాల్లో ఉండిపోయాయి. లక్ష, కోటి మాత్రం లాక్, క్రోర్‌గా ఇప్పటికీ ఇంగ్లీషు పేపర్లలో కనిపిస్తాయి.

గమనించారా, పుట్టికి 20 తూములు, ఖండికి 20 మణుగులు. ఈ 20 దగ్గరే ఇంగ్లీషు ‘స్కోర్’ కూడా ఉంది. క్రికెట్ స్కోర్ మనందరికీ తెలుసు. ‘స్కోర్స్ ఆఫ్ పీపుల్’ అంటే చాలామంది. కానీ స్కోర్ అంటే మొదట కర్ర మీద కత్తితో పెట్టిన గాటు. గొర్రెలో బస్తాలో లెక్కపెడుతూ 20 రాగానే ఒక గాటు పెట్టేవారు. అందుకే స్కోర్ అంటే 20.

ఇది చదువురాని కాపరుల పద్ధతి అనుకోకండి. ఇంగ్లండు రాజు ఖజానా లెక్క కూడా 12వ శతాబ్దం నుంచి గాట్ల కర్రల మీదే నడిచింది. 1000 పౌండ్లకు అరచెయ్యి వెడల్పు గాటు, 100కి బొటనవేలంత, 20కి చిటికెనవేలంత, ఒక పౌండుకు పండిన బార్లీ గింజంత. గాట్లు పెట్టాక కర్రను నిలువుగా చీల్చి చెరో ముక్క ఇచ్చేవారు. రెండు ముక్కలూ కలిపితే గాట్లు సరిపోవాలి, మోసం చేయడానికి కుదరదు. అప్పు ఇచ్చినవాడి దగ్గర ఉండే ముక్కను ‘స్టాక్’ అనేవారు. స్టాక్ మార్కెట్ అనే మాటలో స్టాక్ అదే. 1826 దాకా ఈ కర్రలు వాడారు. 1834 అక్టోబరు 16న ఆ పాత కర్రలను పార్లమెంటు భవనం కింద పొయ్యిల్లో వేసి కాలుస్తుంటే మంట రాజుకుని పార్లమెంటే తగలబడిపోయింది. తాడుకి ముడులు వేసి రోజులు లెక్కపెట్టిన మన తాతలను చూసి ఎవరైనా నవ్వితే ఈ కథ చెప్పండి.

ఇక మన లెక్క. సవర భాషలో లెక్కపెట్టే పద్ధతి ప్రపంచంలో భాషల మీద పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన విషయం. పదితో ఆగదు, పన్నెండు దాకా విడి పేర్లు ఉంటాయి. 13 అంటే పన్నెండు-ఒకటి, 14 అంటే పన్నెండు-రెండు. ఇరవైకి మళ్లీ వేరే పేరు. అక్కణ్ణుంచి ఇరవైలతో నడుస్తుంది. 33 అంటే ఇరవై-పన్నెండు-ఒకటి. 93 అంటే నాలుగు ఇరవైలు-పన్నెండు-ఒకటి. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ 80ని ‘నాలుగు ఇరవైలు’ అంటారు. దాన్ని గొప్ప భాష అంటారు. మనం అలా అంటే క్లాసులో నవ్వుతారు.

ఈ లెక్కను, ఈ భాషను కూర్చుని నేర్చుకుని పుస్తకానికి ఎక్కించింది గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు. ఆయన సవర భాష మాన్యువల్ 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. సవరకు ఆయన చేసిన పని ఆ రోజు స్టేజీల మీద ఎంతసేపు గుర్తుచేస్తారో మీరే చూస్తుంటారు.

ఇప్పుడు చివరి రెండు మాటలు, స్లూ, గలోర్. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇవే.

రెండూ ఐర్లండు నుంచి వచ్చాయి. ‘స్లూ’ ఐరిష్ భాషలో ‘స్లూఅ’, అంటే జనసమూహం, సేన. 19వ శతాబ్దంలో అమెరికా ఇంగ్లీషులోకి చేరి ‘ఎ స్లూ ఆఫ్’ అంటే చాలా అని స్థిరపడింది. పరీక్షలో జాగ్రత్త, ‘చంపాడు’ అనే స్లూ వేరు, ఇది వేరు. ఇదే మాట స్కాట్లండు గేలిక్‌లో సేన వేసే కేక అనే మాటలో ఉంది, దాని నుంచి పుట్టిందే ‘స్లోగన్’. మన ర్యాలీల్లో మనం ఇచ్చే స్లోగన్ కొండ జనం కేకే అన్నమాట.

‘గలోర్’ ఐరిష్‌లో ‘గో లోర్’. అర్థం ‘చాలినంత’. మామూలుగా ఇంగ్లీషులో గుణం చెప్పే మాట ముందు వస్తుంది. గలోర్ మాత్రం వెనక వస్తుంది, ‘మ్యాంగోస్ గలోర్’ అనాలి. ఐరిష్‌లో అది వెనకే ఉండేది, ఇంగ్లీషులోకి వచ్చినా తన చోటు మార్చుకోలేదు. ఐరిష్‌వాళ్లు ‘చాలు’ అన్నది ఇంగ్లీషులో ‘చాలా’ అయింది. తెలుగులోనూ చాలు, చాలా ఒకే వేరు నుంచి వచ్చినవే. కడుపు నిండటం ఎంత అరుదైతే ‘సరిపడా’ అనే మాట ‘బోలెడు’ అయి ఉంటుందో ఆలోచించండి.

ఐర్లండు ఇంగ్లండు పాలనలో వందల ఏళ్లు ఉంది. 1831లో అక్కడ దేశమంతా ప్రభుత్వ బడులు పెట్టారు, చదువు ఇంగ్లీషులో. ఇంట్లో ఐరిష్ మాట్లాడే పిల్లలు ఆ బడులకు వెళ్లారు. చాలాచోట్ల పిల్లల మెడలో ఒక కర్ర కట్టేవారు. దాని పేరు ‘బాటా స్కోర్’, స్కోర్ కర్ర అని. ఐరిష్‌లో మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు. సాయంత్రానికి గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. గొర్రెల లెక్కకు, రాజు ఖజానా లెక్కకు వాడిన గాటే, ఇక్కడ పిల్లల మాటల లెక్కకు దిగింది. పక్కనే వేల్స్‌లో కూడా వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కబిళ్ల వేసేవారు.

ఇందులో బాధ కలిగించే విషయం ఏంటంటే, ఇంట్లో ఆ గాట్లు పెట్టింది కొన్నిసార్లు తల్లిదండ్రులే. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇంగ్లీషు రాకపోతే పిల్లాడికి పని దొరకదు, ఓడ ఎక్కి అమెరికా వెళ్లినా బతకలేడు అని భయం. ఆ భయం ఉత్తిదేం కాదు. 1845లో బంగాళదుంప పంటకు తెగులొచ్చి పెద్ద కరువు మొదలైంది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువమంది దేశం వదిలారు. 1841లో 81 లక్షల పైన ఉన్న జనాభా 1851కి 65 లక్షలకు వచ్చింది. ఎక్కువ దెబ్బ తిన్నది ఐరిష్ మాట్లాడే పేద పల్లెలే.

తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. 1937 రాజ్యాంగంలో ఐరిష్‌ను జాతీయ భాషగా, మొదటి అధికార భాషగా రాసుకున్నారు. బడుల్లో నేర్పుతారు, రోడ్డు బోర్డుల మీద ఉంటుంది. కానీ ఇంట్లో, వీధిలో రోజూ దాన్ని మాట్లాడేవాళ్లు ఆ దేశంలో కొద్దిమందే. ఒకసారి రెండు మూడు తరాలు ఇంట్లో ఆపేశాక, చట్టం ఒక్కటే దాన్ని వెనక్కి తేలేకపోయింది. గలోర్ అనే మాట ప్రపంచమంతా ఉంది. ఆ మాటను కన్న భాష సొంత ఊళ్లో తగ్గిపోయింది.

మనం ఇప్పుడు ఎక్కడున్నాం? మనలో చాలామందికి చిన్న క్లాసులు గుర్తుంటాయి. సవరలోనో, కువిలోనో, కోయలోనో, గోండిలోనో పక్కవాడితో మాట్లాడితే ‘ఆ భాష ఇక్కడ వద్దు’ అన్న గొంతు ఎవరిదో ఒకరిది చెవిలో ఉంటుంది. మెడలో కర్ర కట్టలేదు. కానీ గాటు పడింది. మాలో చాలామందికి ఇప్పుడు పది దాటితే లెక్క తెలుగులోనే వస్తుంది, ఇరవై-పన్నెండు-ఒకటి అని అమ్మమ్మ అంటే ఆగి ఆలోచించాల్సి వస్తోంది. మన అమ్మానాన్నలు కూడా ఇంగ్లీషు మీడియం అడుగుతున్నారు. ఐర్లండు తల్లిదండ్రుల భయమే వాళ్లదీ. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇంగ్లీషు మనకు కావాలి, ఉద్యోగానికి కావాలి, మన మీద రాసిన రికార్డులు మనమే చదువుకోవడానికి కూడా కావాలి.

కానీ ఒకటి నేర్చుకోవాలంటే ఇంకొకటి వదలాలని ఎక్కడా రాసిలేదు. రాజ్యాంగంలో 350-ఎ అధికరణ 1956లో చేర్చారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని అందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో చిన్న క్లాసుల బోధన మొదలుపెట్టారు కూడా. పుస్తకాలు తయారయ్యాయి, వలంటీర్లు వచ్చారు. మీ ఊరి బడిలో అది ఇప్పుడు నడుస్తోందా, లేదా? వెళ్లి చూడండి. లేకపోతే గ్రామసభలో అడగండి. సర్పంచికి, ఐటీడీఏకి అర్జీ పెట్టండి. ఏం రాయాలో తెలియకపోతే ఇక్కడ అడగండి, అందరం కూర్చుని రాద్దాం.

ఇంకో పని దీనికంటే తేలిక. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మమ్మనో, తాతనో, పిన్నినో అడగండి. మన భాషలో ‘ఎక్కువ’ అనడానికి ఏమేం మాటలున్నాయి? గింజలు ఎక్కువైతే ఒకటి, జనం ఎక్కువైతే ఒకటి, వాన ఎక్కువైతే ఇంకోటి ఉంటుంది. పెద్ద మాంసం ముక్కను ఏమంటారు, పెద్ద మట్టిబెడ్డను ఏమంటారు, విరిగిన కొండరాయిని ఏమంటారు? ఇరవై దాటాక ఎలా లెక్కపెడతారు? ఫోన్లో రికార్డు చేయండి, వాళ్లను అడిగే చేయండి. ఒక్కో మాట కింద ఊరి పేరు, భాష పేరు, ఏ వస్తువుకు వాడతారో రాసి ఇక్కడ కామెంట్‌లో పెట్టండి. తెలుగు లిపిలో పెట్టినా చాలు. ఎవరి ఉచ్చారణ వాళ్లదే, తప్పు దిద్దే గొడవ వద్దు.

వచ్చినవన్నీ మేం హాస్టల్లో కూర్చుని భాషల వారీగా ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తాం. సంక్రాంతి సెలవుల తర్వాత మొదటి పట్టీ ఈ గ్రూపులోనే పెడతాం. సినానిమ్స్ పట్టీ పక్కన అది కూడా పెట్టుకుని చదువుకుందాం.

జోహార్.